ఎనిమిదో భాగం గొడవ నెల్లూరులో పుట్టింది కాదు

ఆదివారం రిహార్సల్‌లో మళ్లీ రగిలింది. టాల్‌స్టాయ్ నవల మీద కట్టిన 'అన్నా కరేనినా' నాటకం, అన్నా రైలు కింద పడే చోటే ఆగాలని దర్శకుడు అంటున్నారు. ఆగకూడదని, నవల ఆఖరిదైన ఎనిమిదో భాగం కూడా ఉండాలని స్క్రిప్టు రాసిన రిటైర్డ్ తెలుగు మాస్టారు అంటున్నారు. ఏడాదిన్నరగా నలుగుతున్న పంచాయితీయే ఇది. కరపత్రం అచ్చయి వచ్చేసరికి బయటపడింది. పైన రైలు చక్రం, కింద 'ఒక నిషిద్ధ ప్రేమ విషాదాంతం' అనే మాట. మాస్టారు ఒక్కసారి చూసి, స్క్రిప్టు ఫైలు చంకలో పెట్టుకుని ఆటో ఎక్కేశారు. రాత్రంతా నాటకాల వాట్సాప్ గ్రూపు మోగుతూనే ఉంది. పొద్దున్నే మా పేపరు డెస్క్ నుంచి ఫోను. "సాయంత్రానికల్లా నేపథ్యం కావాలన్నా."

కథ మళ్లీ చెప్పను. పెళ్లయిన అన్నా, గుర్రప్పందేల సైనికాధికారి వ్రాన్‌స్కీ, ప్రభుత్వంలో పెద్ద కుర్చీలో కూర్చున్న మొగుడు కరేనిన్, వదిలి వెళ్లలేని ఎనిమిదేళ్ల కొడుకు; పక్కనే నడిచే ఇంకో కథలో పల్లెలో పొలం చేయించుకునే భూస్వామి లేవిన్. విశాలాంధ్ర బుక్‌హౌస్‌లో రష్యన్ పుస్తకాలు చవగ్గా దొరికిన రోజుల్లో పెరిగినవాళ్లకు అది తెలిసిందే. తెలియనివాళ్లకు సినిమాలున్నాయి. మన గొడవకు పనికొచ్చేది ఒక్క నెల, 1877 మే.

అప్పటికి నవల మాస్కోలో 'రూస్కీ వెస్నిక్' అనే మాసపత్రికలో రెండేళ్లకు పైగా విడతలుగా వస్తోంది. 1875 జనవరిలో మొదలైంది. టాల్‌స్టాయ్‌కు దానిమీద విసుగు పుట్టినప్పుడల్లా నెలల తరబడి ఆగిపోయేది. 1877 ఏప్రిల్ సంచికలో ఏడో భాగం అయిపోయింది. అన్నా రైలు కింద పడింది. చివర 'ముగింపు తరువాయి' అని వేశారు.

మే సంచికలో ముగింపు లేదు, ఒక చిన్న గమనిక ఉంది. దాని సారాంశం ఇది. నాయిక చావుతో నవల నిజానికి అయిపోయింది. రచయిత ఆలోచన ప్రకారం ఇంకో రెండు అచ్చు ఫారాల చిన్న ముక్క ఉండాలి. అందులో వ్రాన్‌స్కీ దుఃఖంతో సెర్బియా యుద్ధానికి వాలంటీరుగా పోతాడు. మిగతావాళ్లంతా క్షేమం. లేవిన్ మాత్రం తన పల్లెలోనే ఉండి, సెర్బియాకు సాయం పోగేసే స్లావ్ కమిటీల మీద, వాలంటీర్ల మీద కోపగించుకుంటూ ఉంటాడు. పుస్తకంగా వేసేటప్పుడు రచయిత వీటిని పెంచి రాస్తారేమో.

ఎనిమిదో భాగం మొత్తానికి పాఠకుడికి దక్కింది ఆ నాలుగు ముక్కలే. 'మిగతావాళ్లంతా క్షేమం' అనే మాట దగ్గర మాస్టారు ఎప్పుడు చదివి వినిపించినా ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకుంటారు. పాత ఉత్తరాల్లో రాసే 'ఇచ్చట అందరమూ క్షేమము' లాగే ఉందంటారు. ఉంది కూడా.

పత్రిక సంపాదకుడు కట్కోవ్‌కు నవల ఎక్కడ ఆగాలనే దిగులు లేదు. ఆయన దిగులు యుద్ధం. 1876లో సెర్బియా టర్కీ మీద యుద్ధానికి దిగింది. తమ జాతివాళ్లే అయిన స్లావ్ సోదరులను కాపాడాలని రష్యా నుంచి వాలంటీర్లు రైళ్లెక్కారు. వాళ్లకు స్టేషన్లలో పూలదండలు, చందాలు. కట్కోవ్ పత్రికలు ఆ ఊపుకు బాజా వాయించాయి. 1877 ఏప్రిల్‌లో రష్యా తానే యుద్ధం ప్రకటించింది. సరిగ్గా అప్పుడే టాల్‌స్టాయ్ ఎనిమిదో భాగం చేతికొచ్చింది. అందులో లేవిన్, అతని మామగారు తేనెటీగల తోటలో కూర్చుని, ఈ యుద్ధం జనం అడిగింది కాదని, పల్లెలో ఎవరికీ ఆ సంగతే పట్టలేదని తీరిగ్గా మాట్లాడుకుంటారు. కట్కోవ్ మార్చమన్నాడు. బేరం కుదరలేదు. టాల్‌స్టాయ్ రాతప్రతి వెనక్కి తెప్పించుకుని ఆ భాగాన్ని విడిగా, సొంతంగా అచ్చు వేయించాడు. 1878లో ఎనిమిది భాగాలూ కలిపి పుస్తకమయ్యాయి. అదే ఎనిమిదో భాగాన్ని పట్టుకుని దోస్తోయెవ్‌స్కీ కూడా తన పత్రికలో లేవిన్‌ను ఉతికి ఆరేశాడు. అది వేరే గొడవ.

'ఆవిడ చచ్చిపోయింది కాబట్టి కథ అయిపోయింది' అనే మాట అచ్చులోకి ఎక్కింది ఒక సంపాదకుడి చేతి మీదుగా. అదీ రాజకీయం కోసం. సాహిత్య తీర్పు వేషం దానికి పైపైన వేసింది. నూటాయాభై ఏళ్లు కావస్తున్నా ఆ వేషం చెదరలేదు.

దర్శకుడి వాదనా చెప్పాలి. పరిషత్తుకు కట్టే నాటకానికి టైముంటుంది, గంట కొడతారు. రైలు వెళ్లాక ప్రేక్షకుడు కుర్చీలో ఉండడు, చెప్పులు వెతుక్కుంటాడు. ముప్పై ఏళ్లు స్టేజీ మీద ఉన్న మనిషి చెప్పే మాట, తీసిపారేయలేం. పైగా ఆయన దగ్గర ఇంకో అస్త్రం ఉంది. 1872 జనవరిలో టాల్‌స్టాయ్ ఎస్టేటుకు దగ్గర్లో, యాసెంకీ స్టేషన్లో, అన్నా పిరొగోవా అనే ఆవిడ గూడ్సు బండి కింద పడి చనిపోయింది. పొరుగు భూస్వామితో కలిసి ఉండేది. అతను ఇంట్లో పిల్లలకు చదువు చెప్పే ఆవిడ వైపు మొగ్గాడు. టాల్‌స్టాయ్ పోస్టుమార్టం జరిగే చోటికి వెళ్లి ఆ శవాన్ని చూశాడు. మరుసటి ఏడాది మార్చిలో నవల మొదలుపెట్టాడు. "నవల పుట్టిందే పట్టాల మీద, అక్కడే ఆగితే తప్పేంది?" అని ఆయన ప్రశ్న. మొదటి చిత్తుల్లో లేవిన్ కథే లేదు. ఈ సంగతి ఇంకా ఎవరూ ఆయన చెవిన వేసినట్టు లేదు.

రైలు విషయంలో మాత్రం ఆయన్ను బిట్రగుంట పెద్దాయన ఒకరు ఓడించారు. ఆవిరి ఇంజన్ల షెడ్డు ఉన్న ఊరు అది. ఇంట్లో రెండు తరాలు ఫుట్‌ప్లేటు మీద నిలబడినవాళ్లే. రిహార్సల్లో ఎక్స్‌ప్రెస్ హారన్ విని ఆయన లేచి నిలబడ్డారు. "అది గూడ్సు బండి అబ్బయ్యా. మెల్లగా వస్తది. ఆయమ్మ మొదటి వ్యాగన్ కింద పడాలనుకుంది, చేతిలో ఎర్ర సంచి అడ్డమొచ్చింది. ఆ వ్యాగన్ పోయింది. రెండోదానికి పడింది. సంచి ఏది?" సంచి లేదు. మర్నాడు ట్రంకు రోడ్డులో ఎర్ర సంచి కొన్నారు. మొదటి వ్యాగన్‌కీ రెండోదానికీ నడుమ ఆమె శిలువ గుర్తు వేసుకుంటుంది. చిన్నతనమంతా ఒక్కసారి వెలుగుతుంది. దర్శకుడు ఇప్పుడు ఆ క్షణాన్ని అద్భుతంగా చేయిస్తున్నారు. ఒప్పుకోవాలి.

ఎనిమిదో భాగం లేకపోతే ఏం పోతుందో చూడాలంటే, ఆవిడ చావు దాకా ఎందుకు వచ్చిందో చూడాలి. జనం నిషిద్ధ ప్రేమ అంటారు. సెయింట్ పీటర్స్‌బర్గ్ పెద్దింటి ఆడవాళ్లలో చాటుమాటు సంబంధాలు లేనివాళ్లు తక్కువని నవలే చెబుతుంది. ఆమె దాచలేదు, అదే ఆమె తప్పు. ఆ రోజుల్లో రష్యాలో విడాకులు చర్చి కోర్టు చేతిలో ఉండేవి. వ్యభిచారం రుజువు కావాలి. తప్పు ఒప్పుకుంటే చాలదు, కళ్లారా చూసిన సాక్షులు కావాలి. తప్పు ఎవరి మీద పడితే వాళ్లకు మళ్లీ పెళ్లి లేదు. మొగుడు బతికుండగా పుట్టిన బిడ్డ, ఎవరికి పుట్టినా, చట్టం లెక్కలో మొగుడి బిడ్డే. కరేనిన్ విడాకుల కోసం లాయరు దగ్గరికి వెళ్లే అధ్యాయం ఉంది. ఆయన కాపురం కూలిన సంగతి చెబుతుంటే, లాయరు గాల్లో ఎగిరే బట్టల పురుగును గబుక్కున పట్టుకుంటాడు. కుర్చీల మఖమలు పాడైపోతుందని ఆయన టెన్షన్ ఆయనది. స్క్రిప్టులో ఈ సీను ఉంది. లాయరు వేషం వేసేది మన కోర్టు దగ్గర స్టాంపు పేపర్లు రాసే మనిషే. పురుగును పట్టుకునే తీరు చూస్తే ఎవరికీ నేర్పాల్సిన పని లేదనిపిస్తుంది.

ఇది మనకు దూరమేమీ కాదు. నెల్లూరు, ఒంగోలు మద్రాసులో ఉన్న రోజుల్లో, కుల పంచాయితీలో తెగతెంపులు చేసుకునే కులాల సంగతి వదిలేస్తే, హిందూ భార్యకు కోర్టులో విడాకులు అడిగే దారి 1949 మద్రాసు చట్టంతో వచ్చింది. దేశమంతటికీ 1955లో వచ్చింది. పరాయి మగాణ్ని మొగుడి ఫిర్యాదు మీద జైలుకు పంపే 497 సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది 2018 సెప్టెంబర్ 27న. 1940ల్లో మా జిల్లాలో ఈ నవల చదివిన ఇల్లాలికి కరేనిన్ విడాకులివ్వననడం రష్యా సంగతిలా అనిపించి ఉండదు.

కరపత్రం మీద ఇంకో వాక్యం ఉంది, దాని మీదా తగువే. నవల మొదట్లో టాల్‌స్టాయ్ పెట్టుకున్న బైబిల్ మాట. మన తెలుగు బైబిల్లో రోమా పత్రిక 12వ అధ్యాయంలో 'పగతీర్చుట నా పని, నేనే ప్రతిఫలము నిత్తును' అని ఉంటుంది. చక్రం బొమ్మ కింద అది చూసి ట్రూపులో సగం మంది దేవుడు ఆవిడకు తగిన శాస్తి చేశాడన్న అర్థం తీసుకున్నారు. ఒంగోలు నుంచి వచ్చే హార్మోనిస్టు ప్రార్థనల్లో పెరిగిన మనిషి. ఆయన ఆ వచనం ముందు ముక్క గుర్తు చేశారు. 'మీకు మీరే పగతీర్చుకొనక' అని. అంటే తీర్పు చెప్పే పని మీది కాదని ఊరికి చెబుతున్న మాట. సగం వాక్యం అచ్చేస్తే అర్థం తిరగబడుతుంది. సగం నవల ఆడితే ఏమవుతుందన్నది మాస్టారి ప్రశ్న.

టాల్‌స్టాయే దీనికి ఒక జవాబు రాసి పెట్టాడు. 1878 జనవరిలో రాచిన్‌స్కీ అనే స్నేహితుడు, నవలలో రెండు కథలు పక్కపక్కన నడుస్తున్నాయే గాని కలవలేదని నసిగాడు. టాల్‌స్టాయ్ తిరిగి రాసిన ఉత్తరంలో, తనకు గర్వంగా ఉన్నది ఆ కట్టడమేనని, కమాను రాళ్లు ఎక్కడ కలిశాయో కనిపించనంతగా కలిశాయని, ఆ కలయిక కథలోనో పాత్రల పరిచయంలోనో లేదని చెప్పాడు. నిజమే, ఇంత పెద్ద నవలలో అన్నా, లేవిన్ ఒకే ఒక్కసారి కలుస్తారు. ఆమెను నిలబెట్టిన చోటు ఏదీ లేక ఆమె పోతుంది. అన్నీ ఉన్న లేవిన్, కోరుకున్న పెళ్లాం, కొడుకు, పొలం ఉన్న లేవిన్, ఉరేసుకుంటానేమోనని తాడు దాచుకుంటాడు. కాల్చుకుంటానేమోనని తుపాకీ పట్టుకుని బయటికి వెళ్లడు. ఒకే ప్రశ్న ఇద్దరినీ పట్టుకుంది. ఆమె ఒక్కతినే రైలెక్కించి అతన్ని ఇంట్లో వదిలేస్తే, మిగిలేది తప్పు చేసిన ఆడదాని కథ. 'నిషిద్ధ ప్రేమ విషాదాంతం.'

మాస్టారు రాసిన ఆఖరి సీను నేను చదివాను. కళ్లం. నూర్పిడి మిషన్ కొడుతోంది. ఫ్యోదర్ అనే రైతు, ముఖం నిండా నల్లటి దుమ్ము, మిషన్‌లోకి పనలు అందిస్తున్నాడు. లేవిన్ మాట కలుపుతాడు. ఆ పొలం చెక్క వచ్చే ఏడాది ప్లాటన్ అనే ఆసామి కౌలుకు తీసుకుంటాడా? తీసుకోడు, కౌలు గిట్టదు. మరి ఇప్పుడు చేస్తున్న మిత్యూఖాకు ఎలా గిట్టుతోంది? వాడు జనం తోలు వలుస్తాడయ్యా, గిట్టదా. ప్లాటన్ మామ అప్పున్నవాణ్ని పట్టుకోడు, ఒక్కోసారి వదిలేస్తాడు. ఎందుకు వదిలేస్తాడు? మనుషులు ఒక రకమా ఏంది, ఒకడు పొట్ట కోసమే బతుకుతాడు, ప్లాటన్ ఆత్మ కోసం బతుకుతాడు, దేవుణ్ని మర్చిపోడు. అంతే. లేవిన్ ఆ మాట పట్టుకుని గడ్డిలో పడుకుని ఏడుస్తాడు. కాసేపటికి బండివాడి మీద మళ్లీ చికాకు పడతాడు. ఆ చికాకును మాస్టారు కొట్టేయలేదు. అందుకే నాకు ఆ సీను నచ్చింది. నేనూ పల్లెటూరివాణ్నే, కౌలు మాటల్లోంచి దేవుడు బయటికి రావడం చూశాను.

కట్కోవ్ ఆ గమనిక వేసిన ఏడాదే మన దగ్గర ధాత కరువు, ధాత సంవత్సరం పేరు మీద పిలిచే పెద్ద కరువు. అప్పటికి ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోనిదే. అక్కడ పేపర్లు సెర్బియాకు చందాలు పోగేస్తుంటే, ఇక్కడ జనం గంజి కోసం కాలవ పనులకు నడిచిపోయారు. 'జనం కోరుకున్నారు' అని పేపరు రాస్తే, ఏ జనం అని అడిగే లేవిన్ మీద నాకు అందుకే గురి.

నిన్న రాత్రి ఇద్దరితోనూ ఫోన్లో మాట్లాడాను. దర్శకుడు రైలు తర్వాత నాలుగు నిమిషాలు ఇస్తానన్నారు. మాస్టారు పదకొండు అడుగుతున్నారు. రాజీ మాట ఇంకా రాలేదు. కరపత్రాలు అచ్చయినవి అయిపోయాయి. లేవిన్ వేషం వేసే కుర్రాడు సంగం నుంచి బస్సులో వస్తాడు. వచ్చే ఆదివారం రావాలో వద్దో అతనికి ఇంకా ఎవరూ చెప్పలేదు.