సైనిక కూటముల విస్తరణ, పొరుగు సంబంధాలు: అపోహలు, వాస్తవాలు

అంతర్జాతీయ సంబంధాలను చాలా ఏళ్లుగా బోధిస్తున్న నాకు, సైనిక కూటముల విస్తరణ గురించి ప్రధానంగా రెండు వాదనలు వినిపిస్తుంటాయి. కూటమి పెరగడమే సకల అనర్థాలకూ మూలమని కొందరు, కూటమి పెరుగుదలకూ పొరుగు దేశపు ఆగ్రహానికీ సంబంధమే లేదని మరికొందరు అంటారు. ఒప్పందాల పాఠాన్నీ తేదీలనూ ఎదురుగా పెట్టుకుని చదివితే ఈ రెండూ నిలబడవు. సభ్యత్వ పత్రంపై పడిన సంతకం కంటే, ఆ సంతకం తరువాత సరిహద్దు దగ్గర ఏం జరగబోతుందో తెలియకపోవడమే పొరుగు దేశాన్ని ఎక్కువగా కలవరపెడుతుందని నా అభిప్రాయం. ఈ కింది అపోహలను ఆ దృష్టితోనే పరిశీలించాను.

అపోహ: కూటమిలో ఒక దేశంపై దాడి జరిగితే మిగిలిన సభ్యులందరూ తప్పనిసరిగా యుద్ధంలోకి దిగాలి.

వాస్తవం: 1949 ఏప్రిల్ 4న వాషింగ్టన్‌లో 12 దేశాలు సంతకం చేసిన, నాటో కూటమికి పునాది అయిన ఉత్తర అట్లాంటిక్ ఒప్పందంలోని 5వ అధికరణం, ఒకరిపై జరిగిన సాయుధ దాడిని అందరిపై జరిగిన దాడిగా పరిగణిస్తుంది. అయితే దానికి ప్రతిగా ఏం చేయాలన్నది ప్రతి సభ్య దేశమూ తాను అవసరమనుకున్న మేరకు నిర్ణయించుకుంటుంది. సాయుధ బలప్రయోగం ఆ చర్యల్లో ఒకటి కావచ్చునని మాత్రమే ఒప్పందం చెబుతుంది. నాటో చరిత్రలో ఈ అధికరణాన్ని ప్రయోగించింది ఒక్కసారే, అదీ 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత అమెరికా కోసం.

ఈ వెసులుబాటు చిన్న విషయం కాదు, ఎందుకంటే పొరుగు సంబంధాలు బిగుసుకోవడం ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఆపదలో మిత్రులు నిజంగా వస్తారో రారోనన్న బెంగ ఉన్న చిన్న దేశం, ఆ మిత్రుల సైనికులు ముందుగానే తన నేల మీద ఉండాలని కోరుకుంటుంది. వారు ఉంటే దాడికి దిగిన దేశం మొదటి రోజే అనేక దేశాలతో తలపడవలసి వస్తుందని దాని లెక్క. సరిహద్దుకు అవతల ఉన్నవారికి కనిపించేది ఆ దళం మాత్రమే, దాని వెనుక ఉన్న బెంగ కనిపించదు. ఆ ట్యాంకులు రక్షణకు వచ్చాయో దాడికి వచ్చాయో చెప్పే మార్గం లేదు కాబట్టి అవతలివారు తమ బలగాలను పెంచుతారు, అది చూసి ఇవతలివారు మరిన్ని దళాలను రప్పించుకుంటారు. ఇరుపక్షాలూ ఆత్మరక్షణ కోసమే అడుగు వేస్తూ ఇద్దరి భద్రతనూ తగ్గించుకునే ఈ స్థితికి రాజనీతి శాస్త్రవేత్త జాన్ హెర్జ్ 1950లో పెట్టిన పేరును మనం ‘భద్రతా సందిగ్ధం’ అనుకోవచ్చు.

నాటో, రష్యాలు 1997 మే 27న పారిస్‌లో కుదుర్చుకున్న అవగాహనలో ఈ సందిగ్ధాన్ని అదుపు చేసే ప్రయత్నం కనిపిస్తుంది. అప్పటి, సమీప భవిష్యత్తు భద్రతా పరిస్థితుల్లో, గణనీయమైన పోరాట దళాలను అదనంగా శాశ్వతంగా నిలపకుండానే తన బాధ్యత నెరవేరుస్తానని నాటో అందులో చెప్పింది. ఎంత సైన్యమైతే గణనీయమో ఎవరూ రాయలేదు. 2014లో రష్యా ఉక్రెయిన్‌కు చెందిన క్రిమియాను కలుపుకున్నాక, 2016 వార్సా శిఖరాగ్ర సమావేశపు నిర్ణయం మేరకు ఎస్తోనియా, లాట్వియా, లిథువేనియా, పోలండ్‌లలో 2017 నుంచి ఒక్కొక్క బహుళదేశ దళాన్ని బెటాలియన్ స్థాయిలో ఉంచారు. సైనికులు వంతులవారీగా మారుతారు కనుక ఇది శాశ్వత మోహరింపు కాదని నాటో అంటే, మనుషులు మారినా దళం అక్కడే ఉంటుంది కదా అని రష్యా అడిగింది. నిర్వచించకుండా వదిలేసిన ఒక్క పదం మీద ఏళ్ల తరబడి వాదన నడిచింది.

అపోహ: నాటో దేశాలను ఒక్కొక్కటిగా తనలో కలిపేసుకుంటోంది.

వాస్తవం: 10వ అధికరణం ప్రకారం కొత్త దేశాన్ని ఆహ్వానించడానికి ఉన్న సభ్యులందరూ ఏకగ్రీవంగా అంగీకరించాలి, చేరదలచిన దేశం తానుగా ముందుకు రావాలి. దశాబ్దాల పాటు కూటమికి దూరంగా ఉన్న ఫిన్లాండ్, రష్యా ఉక్రెయిన్‌పై పూర్తిస్థాయి దండయాత్ర మొదలుపెట్టాక, 2022 మేలో దరఖాస్తుకు సిద్ధపడింది. 200 మంది సభ్యులున్న అక్కడి పార్లమెంటులో 188 మంది అనుకూలంగా, 8 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. ఫిన్లాండ్‌ను అటువైపు నెట్టింది నాటో కేంద్ర కార్యాలయం ఉన్న బ్రస్సెల్స్ కంటే మాస్కోయే అనడంలో నాకు సందేహం లేదు. అయితే చేరిక స్వచ్ఛందమైనంత మాత్రాన పొరుగు దేశపు కలవరం తొలగిపోదు. స్వచ్ఛందంగా వచ్చిన సభ్యుడి నేల మీద కూడా రాడార్లు, స్థావరాలు వెలుస్తాయి.

అపోహ: తూర్పు వైపు ఒక్క అంగుళం కూడా విస్తరించబోమని పశ్చిమ దేశాలు ఒప్పందం రాసి ఇచ్చి మాట తప్పాయి.

వాస్తవం: అలాంటి ఒప్పందం ఏదీ లేదు. అసలు ఆ మాటే ఎవరూ అనలేదని వాదించడమూ అంతే పొరపాటు. 1990 ఫిబ్రవరి 9న అమెరికా విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్, జర్మనీ ఏకీకరణపై చర్చల్లో భాగంగా, సోవియట్ నేత గోర్బచేవ్‌తో ఆ అంగుళం మాట అన్నారు. అప్పటికి సోవియట్ నాయకత్వంలోని వార్సా కూటమి ఇంకా బతికే ఉంది; పోలండ్, హంగేరీలు అందులో సభ్యులు. అదే ఏడాది సెప్టెంబరు 12న మాస్కోలో కుదిరిన ఏకీకరణ ఒప్పందంలోకి ఎక్కినది పరిమితమైన హామీ: పూర్వపు తూర్పు జర్మనీ భూభాగంలో విదేశీ దళాలనూ అణ్వాయుధాలనూ మోహరించకూడదు. మిగతాది సంభాషణగానే ఉండిపోయింది. నోటి మాటను ఒక పక్షం హామీగా గుర్తుపెట్టుకుని, మరో పక్షం చర్చలో దొర్లిన ప్రతిపాదనగా మరచిపోతే, పదేళ్ల తరువాత ఇద్దరూ ఎదుటివారు అబద్ధమాడుతున్నారని నిజాయితీగానే నమ్ముతారు.

రాసుకున్న పత్రాల్లో కూడా ఇలాంటి చిక్కు ఉంది. కూటమి ఒప్పందాల్లో చేరే హక్కు, చేరకుండా ఉండే హక్కు ప్రతి దేశానికీ ఉన్నాయని 1975 హెల్సింకీ తుది పత్రం ఒప్పుకుంది. 1999లో ఇస్తాంబుల్‌లో ఆమోదించిన ఐరోపా భద్రతా ప్రకటన ఆ హక్కును మళ్లీ చెబుతూనే, ఇతర దేశాల భద్రతను పణంగా పెట్టి ఏ దేశమూ తన భద్రతను పెంచుకోకూడదని కూడా చెప్పింది. రష్యాతో సహా అందరూ రెండింటికీ తలూపారు. ఆ రెండు సూత్రాలూ ఢీకొన్నప్పుడు దేనిది పైచేయి అన్న ప్రశ్నకు ఆ పత్రం జవాబివ్వలేదు కనుక, ఒక పక్షం మొదటి సూత్రాన్ని, మరో పక్షం రెండో సూత్రాన్ని ఉటంకిస్తూ వచ్చాయి.

అపోహ: కూటమి విస్తరణే ఉక్రెయిన్ యుద్ధాన్ని తెచ్చింది.

వాస్తవం: తేదీలు ఈ వాదనను బలపరచవు. 2010లో చేసిన చట్టం ప్రకారం ఏ కూటమిలోనూ చేరని దేశంగా ఉన్న సమయంలోనే, అంటే 2014 మార్చిలో, ఉక్రెయిన్ క్రిమియాను కోల్పోయింది. ఆ చట్టపు విధానాన్ని విడిచిపెట్టింది ఆ ఏడాది డిసెంబరులో. మరోవైపు, రష్యాతో సుమారు 1,340 కిలోమీటర్ల సరిహద్దు ఉన్న ఫిన్లాండ్ 2023 ఏప్రిల్ 4న నాటోలో చేరితే, ఆ సరిహద్దులో యుద్ధం రాలేదు. దండయాత్ర నిర్ణయం, దాని బాధ్యత, దండెత్తినవారివే.

అయినా విస్తరణ విధానం నిర్దోషి అని నేను అనలేను. 2008 ఏప్రిల్‌లో బుకారెస్ట్ శిఖరాగ్ర సమావేశం ఉక్రెయిన్, జార్జియాలు సభ్య దేశాలు అవుతాయని ప్రకటించింది. కానీ ఎప్పుడో చెప్పలేదు, చేరికకు ముందు మెట్టుగా ఉండే కార్యాచరణ ప్రణాళికను సైతం ఇవ్వలేదు. చేర్చుకోవాలని అమెరికా పట్టుబట్టగా, జర్మనీ, ఫ్రాన్స్‌లు వద్దనగా పుట్టిన మధ్యేమార్గమది. రక్షణ హామీ లేకుండానే ఆ రెండు దేశాలు మాస్కో దృష్టిలో రేపటి నాటో దేశాలైపోయాయి. నాలుగు నెలలకే జార్జియాలో యుద్ధం వచ్చింది. ఆ యుద్ధానికి జార్జియా నుంచి విడిపోవాలనుకున్న దక్షిణ ఒసేతియా ప్రాంతపు వివాదం వంటి సొంత కారణాలు ఉన్నాయి గానీ, వాకిలి తెరిచీ తెరవకుండా ఉంచడం కంటే ప్రమాదకరమైన విధానం మరొకటి లేదని నా వృత్తి నాకు నేర్పింది. పూర్తిగా చేర్చుకున్నా, మర్యాదగా కాదన్నా ఆ ప్రజలకు అంతకన్నా మేలు జరిగి ఉండేదేమో.

అపోహ: ఇది కేవలం ఐరోపా సమస్య.

వాస్తవం: 1954 మేలో అమెరికాతో సైనిక సహాయ ఒప్పందం కుదుర్చుకున్న పాకిస్తాన్, సెప్టెంబరులో మనీలా వేదికగా పుట్టిన ఆగ్నేయాసియా సైనిక కూటమి సీటోలోనూ, 1955లో పశ్చిమాసియాలో ఏర్పడిన బాగ్దాద్ ఒడంబడిక అనే సైనిక కూటమిలోనూ చేరింది. సీటో విషయంలో తన బాధ్యత కమ్యూనిస్టు దురాక్రమణకే వర్తిస్తుందని అమెరికా ప్రత్యేకంగా రాయించుకుంది. పాకిస్తాన్ మనసులో ఉన్నది మాత్రం భారతదేశం. ఆ ఆయుధాలు ఎవరి కోసమన్నది ఒప్పందంలో ఏం రాసినా, సరిహద్దుకు ఇవతల వాటిని చూసిన న్యూఢిల్లీకి ఒక్క జవాబే తోచింది. సైనిక సహాయంతో కాశ్మీర్ సమస్య నేపథ్యమే మారిపోయిందని నెహ్రూ పాకిస్తాన్ ప్రధానికి తెలియజేశారు. 1965 యుద్ధం వచ్చినప్పుడు అమెరికా రెండు దేశాలకూ ఆయుధాలు ఆపేసింది. పొరుగు దేశపు అనుమానాన్ని పెంచి, ఆశించిన రక్షణను ఇవ్వని కూటమికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

బాగ్దాద్ ఒడంబడిక అరబ్బు దేశాల మధ్యా చీలిక తెచ్చింది. అందులో ఇరాక్ చేరడాన్ని ఈజిప్టు నేత నాసర్ తీవ్రంగా ప్రతిఘటించారు. జోర్డాన్‌ను కూడా చేర్చాలని 1955 డిసెంబరులో బ్రిటన్ సేనాధిపతి టెంప్లర్ అమ్మాన్ వెళ్లగా అక్కడ అల్లర్లు చెలరేగాయి, ప్రభుత్వం పడిపోయింది, జోర్డాన్ చేరనేలేదు. 1958 విప్లవం తరువాత మరుసటి ఏడాది ఇరాక్ కూడా తప్పుకోగా, బాగ్దాద్ లేని ఆ ఒడంబడికకు సెంటో అని పేరు మార్చవలసి వచ్చింది.

అపోహ: ఒకే కూటమిలో ఉన్న పొరుగువారికి తగాదాలు ఉండవు.

వాస్తవం: గ్రీస్, తుర్కియే రెండూ 1952లోనే నాటోలో చేరాయి. 1974లో సైప్రస్ విషయంలో యుద్ధం అంచు దాకా వెళ్లాయి. గ్రీస్ నాటో సైనిక వ్యవస్థ నుంచి వైదొలగి 1980లో గానీ తిరిగి రాలేదు.

అపోహ: కూటమి సరిహద్దు పక్కనే ఉంటే సఖ్యత అసాధ్యం.

వాస్తవం: దీనికి జవాబు నార్వే. సోవియట్ యూనియన్‌తో భూ సరిహద్దు ఉండి కూడా నార్వే 1949లో నాటో వ్యవస్థాపక సభ్య దేశమైంది. చేరడానికి ముందే, తనపై దాడి గానీ దాడి ముప్పు గానీ లేనంత కాలం విదేశీ దళాలకు స్థావరాలు ఇవ్వనని మాస్కోకు లిఖితపూర్వకంగా తెలిపింది. తరువాతి కాలంలో, శాంతి సమయంలో తన నేల మీద అణ్వాయుధాలు ఉండకూడదని కూడా నిర్ణయించుకుంది. కూటమి రక్షణను వదులుకోకుండానే, పొరుగు దేశం దేనికి భయపడుతుందో గుర్తించి ఆ ఒక్క విషయంలో తనను తాను కట్టడి చేసుకుంది. తన షరతును ముందుగా, బహిరంగంగా, తిరిగి చదువుకోగల మాటల్లో చెప్పడం వల్ల అవతలివారికి అనుమానించవలసినది తగ్గింది.

ఆ సరిహద్దు ఉద్రిక్తతలు లేనిదేమీ కాదు, అయినా అక్కడ పనులు సాగాయి. బారెంట్స్ సముద్రంలో సుమారు 1,75,000 చదరపు కిలోమీటర్ల వివాద ప్రాంతాన్ని నలభై ఏళ్ల చర్చల తరువాత నార్వే, రష్యాలు దాదాపు సమానంగా పంచుకుంటూ 2010 సెప్టెంబరు 15న ముర్‌మాన్స్క్‌లో సంతకాలు చేశాయి. 2012 నుంచి సరిహద్దుకు 30 కిలోమీటర్ల లోపు నివసించే వారికి వీసా లేకుండా రాకపోకలు సాగించే వీలు కలిగింది. అప్పటికి నార్వే నాటోలో చేరి అరవై ఏళ్లు దాటింది.

పొరుగు దేశపు భయాన్ని గుర్తించి తనను తాను ఎంత కట్టడి చేసుకోవాలన్న ప్రశ్న ఇప్పుడు ఫిన్లాండ్ ఎదుట ఉంది. వలసదారులను తమ సరిహద్దు వైపు రష్యాయే తోస్తోందన్న ఆరోపణతో ఫిన్లాండ్ 2023 చివరలో తూర్పు సరిహద్దు దారులను మూసివేసింది. రష్యా 2024లో ఫిన్లాండ్ సరిహద్దు వైపున్న లెనిన్‌గ్రాడ్ సైనిక మండలాన్ని పునరుద్ధరించింది. 15 సైనిక ప్రాంతాల్లో అమెరికా దళాలకు ప్రవేశం కల్పించే ఒప్పందాన్ని ఫిన్లాండ్ ఆమోదించింది. ఉక్రెయిన్‌ను చూసిన దేశం 1949 నాటి నార్వే అంత సంయమనం చూపాలని కోరే హక్కు నాకు లేదు. అయితే 1856 నుంచి సైనిక రహితంగా ఉన్న, ఫిన్లాండ్‌కు చెందిన ఆలండ్ దీవుల హోదా ఫిన్లాండ్ నాటోలో చేరాక కూడా కొనసాగుతోంది, ఆ దీవుల్లో సైనిక స్థావరం నేటికీ లేదు.