అమెరికా కాలేజీ టెన్నిస్: మా కోర్టు దగ్గర వినిపించే అపోహలు

చెన్నైలో పిల్లలకు టెన్నిస్ నేర్పుతుంటాను. నెల్లూరు, తిరుపతి నుంచి టోర్నీలకు వచ్చే మనవాళ్లయినా, ఇక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్లయినా, పిల్లలకు పదహారేళ్లు రాగానే అమెరికా కాలేజీ జట్ల గురించి అడిగేవి ఇవే.

అపోహ: కాలేజీకి వెళ్తే ప్రొఫెషనల్ ఆటకు నీళ్లొదులుకున్నట్టే.

వాస్తవం: మన నుంగంబాక్కం స్టేడియంలోనే దీనికి జవాబు దొరికింది. 2009 జనవరిలో చెన్నై ఓపెన్‌కు వైల్డ్ కార్డుతో (ర్యాంకుతో కాదు, నిర్వాహకులిచ్చే ప్రత్యేక అవకాశంతో) వచ్చిన సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్, ఒకప్పటి ప్రపంచ నంబర్ వన్ కార్లోస్ మోయాను ఓడించి ఫైనల్ దాకా వెళ్లాడు. అక్కడ క్రొయేషియా ఆటగాడు సిలిచ్ చేతిలో ఓడాడు. అంతకుముందు నాలుగేళ్లు వర్జీనియా యూనివర్సిటీలో ఆడాడు. జాతీయ కాలేజీ సింగిల్స్‌లో 2006, 2007, 2008 వరుసగా మూడు ఫైనల్స్, చివరి రెండూ టైటిళ్లే. 2007లో ఓడించింది, తర్వాత ప్రపంచ టాప్ టెన్‌లోకి వెళ్లిన జాన్ ఇస్నర్‌ని! 2008 సీజన్‌లో 44 గెలుపులు, ఒకే ఒక్క ఓటమి. 2010 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 2011లో 62వ ర్యాంకు ఆ తర్వాతి సంగతులు.

అదే వయసులో చిన్న టోర్నీల చుట్టూ తిరిగే కుర్రాడి లెక్క చూడండి. మొత్తం ప్రైజ్ మనీ 15,000 డాలర్లుండే టోర్నీలో తొలి రౌండులో ఓడితే చేతికొచ్చేది రెండొందల డాలర్ల లోపే. విమానం టికెట్‌కే చాలదు. కాలేజీలో కోచ్, జిమ్, ఫిజియో, ప్రయాణాల ఖర్చు జట్టుదే. మన సాకేత్ మైనేని కూడా అలబామాలో ఆడి వచ్చినవాడే. 2014 ఆసియా క్రీడల్లో సానియాతో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు.

అపోహ: స్కాలర్‌షిప్ వస్తే అంతా ఫ్రీ.

వాస్తవం: డివిజన్ 1 (అమెరికా కాలేజీ క్రీడల్లో పై స్థాయి) పురుషుల జట్టుకు చాలాకాలం ఉన్నవి నాలుగున్నర స్కాలర్‌షిప్‌లే. వాటినే ఎనిమిది, పది మందికి పంచేవారు. అమ్మాయిల జట్టుకు ఎనిమిది. కాలేజీ క్రీడల మీద నడిచిన కోర్టు కేసులో 2025లో వచ్చిన ఒప్పందంలో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయి, జట్టులో పది మందే ఉండాలన్న లెక్క వచ్చింది. కానీ పరిమితి పోయిందని డబ్బు రాలదు. మా దగ్గరి ఒకబ్బాయికి ఏజెంటు 'ఫుల్' అని చెప్పాడు. తీరా ఉత్తరం చూస్తే సగం ఫీజే. హాస్టలు, తిండి సొంతం. వాళ్ల నాన్న రెండు రాత్రులు నిద్రపోలేదు. మాట కాదు, కాగితం చదవండి.

అపోహ: ఇంటర్ అయ్యాక రెండేళ్లు టోర్నీలు ఆడి, కుదరకపోతే అప్పుడు వెళ్లొచ్చు.

వాస్తవం: నేను చూసిన పిల్లల్లో ఎక్కువమంది దెబ్బతిన్నది ఇక్కడే. డివిజన్ 1లో ఇన్నాళ్లూ నడిచిన రూలు ప్రకారం, ఇంటర్ పూర్తయిన ఆరు నెలల తర్వాత కూడా టోర్నీలు ఆడితే కాలేజీలో ఆడగలిగే సీజన్లు తగ్గిపోతాయి, చేరిన తొలి ఏడాది బెంచీ మీదే. రూల్స్ ఈమధ్య తరచూ మారుతున్నాయి కాబట్టి చేరాలనుకున్న కాలేజీ కంప్లయన్స్ ఆఫీసునే (రూల్స్ చూసే విభాగం) అడగండి, నన్ను కాదు.

చదువు నామమాత్రం అన్నది ఇంకొకటి. మార్కులు తగ్గితే ఆడనివ్వరు, అంతే.

అపోహ: ఎక్కడైనా ఆట అదే కదా సార్.

వాస్తవం: కాదు. ముందు మూడు డబుల్స్ మ్యాచ్‌లు. మూడూ కలిపి ఒకే పాయింటు. తర్వాత ఆరు సింగిల్స్, ఒక్కోదానికి ఒక పాయింటు. నాలుగు వచ్చిన జట్టు గెలిచినట్టు. 40-40 అయితే డ్యూస్ ఉండదు, ఒకే బంతితో గేమ్ తేలిపోతుంది. పక్క కోర్టుల నుంచి అరుపులు. నిశ్శబ్దంలో పెరిగిన మన పిల్లలకు ఇదే పెద్ద టెన్షన్. అందుకే శనివారం సాయంత్రాలు మా దగ్గర డబుల్సే ఆడిస్తాను. మిగతా పిల్లల పని గట్టు మీద కూర్చుని అరవడం.