నిలువెత్తు మట్టిబొమ్మ లోపల ఏముంటుంది?

పిల్లలూ,

మొన్న మూలనున్న నిలువెత్తు బొమ్మను వేలితో తడితే ఖంగుమంది. "తాతయ్యా, లోపలేముంది?" అన్నారు. ఏమీ లేదర్రా! అది మనిషి ఆకారంలో ఉన్న కుండ, అంతే.

ఈ కిటుకు నాది కాదు. 1974లో చైనాలో షియాన్ దగ్గర బావి తవ్వుతున్న రైతులకు మట్టి సైనికులు బయటపడ్డారు. 2,200 ఏళ్ల నాటివాళ్లు. బరువు మోయాలి కాబట్టి కాళ్లు గట్టిగా ఉంటాయి, ఒళ్లు మాత్రం కుండలా డొల్ల. తల విడిగా చేసి పెట్టారు. ఇటలీలో ఎట్రుస్కన్లనే ప్రాచీన జాతివాళ్లు చేసిన భార్యాభర్తల శవపేటిక దాదాపు 2 మీటర్ల పొడవుంటుంది. దాన్నయితే నాలుగు భాగాలుగా చేసి కాల్చారు.

ఇంత పెద్దవి కుమ్మరి సారె మీద రావు. మట్టిని బొటనవేలంత లావు తాళ్లుగా పేని, చుట్ట మీద చుట్ట పేర్చాలి. పాత ఫోర్కుతో అంచు గీరి, పల్చటి బురద రాసి, పై చుట్టను అదిమి, అతుకు కనపడకుండా వేలితో కిందికి లాగాలి. రోజుకి జానెడు చాలు. ఆశపడి ఇంకాస్త పెంచారో, కింది మట్టి పొట్టేసుకుని కూలబడుతుంది. రాత్రికి పై అంచుకి మాత్రం తడిగుడ్డ కప్పాలి, లేకపోతే తెల్లారి కొత్త చుట్ట అంటుకోదు.

మట్టిలో పాత పెంకుల పొడి కలుపుతాం. ఆరి కాలేసరికి మట్టి సుమారు పదోవంతు కుంచించుకుపోతుంది. పెంకు ఒకసారి కాలిందే కనుక ఇక కుంచించుకోదు, పైగా తడి బయటికి రావడానికి దారిస్తుంది.

అసలు టెన్షన్ బట్టీ దగ్గరే. గాలిబుడగ ఉంటే బొమ్మ పేలుతుందంటారు, నేను నమ్మను. పేల్చేది తడి. 100 డిగ్రీలు దాటితే ఆ నీరు ఆవిరై, దారి దొరక్క గోడను బద్దలు కొడుతుంది. ఒకసారి నేను తొందరపడి మంట పెంచాను. అర్ధరాత్రి ధన్‌మని చప్పుడు. రెండు నెలల పని పెంకులైపోయింది. ఆ పెంకుల్నే దంచి ఇప్పటి బొమ్మలో కలిపాననుకోండి! 573 డిగ్రీల దగ్గర ఇంకో గండం ఉంది: మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే ముడుచుకుంటుంది. అందుకే బట్టీ తలుపు వెంటనే తియ్యం.

తడి ఆరిందో లేదో తెలియాలంటే బొమ్మకి చెంప ఆనించాలి. చల్లగా తగిలితే ఇంకా ఉన్నట్టే. కొత్త బొమ్మ మూడు వారాలుగా ఆరుతోంది. ఈ పొద్దున దాని వీపుకి చెంప ఆనించి చూశాను. చల్లగానే ఉంది.

మీ తాతయ్య