విజార్డ్ ముందు ఫైటర్ తేలిపోతున్నాడా? డీ అండ్ డీ బ్యాలెన్స్‌పై అపోహలు - వాస్తవాలు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అంటే పాచికలు వేస్తూ, పాత్రలు పోషిస్తూ టేబుల్ చుట్టూ ఆడే సాహస కథల ఆట. దాన్ని ఆడించే డీఎంలు (కథ నడిపే డంజన్ మాస్టర్లు) ఎక్కడ కలిసినా మాట తిరిగి తిరిగి ఒకచోటికే వస్తుంది: "మా టేబుల్‌లో ఒక క్యారెక్టర్ మరీ బలంగా ఉంది, మిగతావాళ్లు చూస్తూ కూర్చుంటున్నారు." చాలాసార్లు తేడా క్యారెక్టర్ షీట్‌లో ఉండదు, డీఎం సీన్లు పేర్చే తీరులో ఉంటుంది. నేను ఆడించేది 2014లో వచ్చిన ఐదో ఎడిషన్. వేరే ఎడిషన్ అని చెప్పినచోట తప్ప అంకెలన్నీ దాంట్లోవే.

అపోహ: అందరిదీ ఒకే లెవెల్ అయితే అందరి బలమూ సమానమే.

వాస్తవం: పాత ఎడిషన్లలో లెవెల్‌కి ఆ అర్థమే లేదు. ఏడీ అండ్ డీ (అడ్వాన్స్‌డ్ డీ అండ్ డీ) రెండో ఎడిషన్‌లో రెండో లెవెల్ చేరడానికి దొంగ పాత్ర అయిన థీఫ్‌కి 1,250 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) చాలు. కత్తి పట్టే ఫైటర్‌కి 2,000, మంత్రాలు వేసే మేజ్‌కి (ఇప్పటి విజార్డ్) 2,500 కావాలి. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ అన్ని క్లాసులకీ (ఫైటర్, విజార్డ్ లాంటి పాత్రల రకాలకీ) ఒకే పట్టిక పెట్టింది. క్లాసులు పనిచేసే తీరు మాత్రం వేర్వేరుగానే ఉండిపోయింది.

ఐదో లెవెల్‌నే తీసుకోండి. స్ట్రెంగ్త్ 18 ఉన్న ఫైటర్ లాంగ్‌స్వోర్డ్‌తో ఒక టర్న్‌లో రెండు దెబ్బలు వేస్తాడు. రెండూ తగిలితే సగటున 17 డ్యామేజ్. విజార్డ్ ఫైర్‌బాల్ అనే నిప్పు స్పెల్ వేస్తే సగటున 28, అదీ 20 అడుగుల రేడియస్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ. సేవ్ చేసినా (పాచిక వేసి తప్పించుకున్నా) సగం తప్పదు. ఇంతవరకే చూసినవాళ్లు విజార్డ్ ఓవర్‌పవర్డ్ అని తేల్చేస్తారు. కానీ ఆ విజార్డ్‌కి ఫైర్‌బాల్ వేయడానికి ఉన్న మూడో లెవెల్ స్లాట్లు (స్పెల్ వేసే అవకాశాలు) రెండే. షార్ట్ రెస్ట్‌లో (కాసేపు విశ్రాంతిలో) ఆర్కేన్ రికవరీ అనే శక్తితో ఇంకొకటి తెచ్చుకోగలడు. అంటే రోజంతా కలిపి మూడు ఫైర్‌బాల్స్. ఫైటర్ కత్తికి ఆ లెక్క లేదు. పైగా అతని యాక్షన్ సర్జ్ (అదనంగా ఒక యాక్షన్), సెకండ్ విండ్ (కొంత ప్రాణం తిరిగి తెచ్చుకోవడం) ప్రతి షార్ట్ రెస్ట్‌కీ తిరిగొస్తాయి.

డీఎంల కోసం ఉన్న రూల్ పుస్తకం, డీఎం గైడ్, వేసుకున్న అంచనా ప్రకారం పార్టీ (ప్లేయర్ల పాత్రల బృందం) ఆటలోని ఒక రోజుకి ఆరు నుంచి ఎనిమిది మీడియం లేదా హార్డ్ ఎన్‌కౌంటర్లు (శత్రువులతో తలపడే సీన్లు) తట్టుకోగలదు. మనమేమో సెషన్‌కి ఒక పెద్ద ఫైట్ పెట్టి, అది అవ్వగానే స్లాట్లన్నీ తిరిగొచ్చే లాంగ్ రెస్ట్ ఇచ్చేస్తాం. అలాంటప్పుడు విజార్డ్ ఉన్నదంతా ఒకేచోట కుమ్మరించక ఏం చేస్తాడు? సెషన్ ముగిసినా ఆటలోని రోజును ముగించకండి. ఒక రోజును రెండు మూడు సెషన్లకు సాగనివ్వండి. పాడుబడ్డ గుడిలో తెల్లారేలోపు బలి ఆపాలి అని గడువు పెట్టి చూడండి. రెండో గదిలో నలుగురు కాపలావాళ్లు కనిపించగానే విజార్డ్ ప్లేయర్ స్లాట్లు లెక్కపెట్టుకుని, "ఇది నువ్వు చూసుకుంటావా?" అని ఫైటర్ వైపు తిరుగుతాడు. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే.

అపోహ: శత్రువు ఎంత పెద్దదైతే ఫైట్ అంత కష్టం.

వాస్తవం: రెండో లెవెల్‌లో ఉన్న నలుగురి మీదికి ఓగర్ అనే ఒక భారీ రాక్షసుడిని పంపండి. 59 హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క), ఓడిస్తే 450 ఎక్స్‌పీ, గైడ్ లెక్కలో మీడియం ఫైట్. దాని బదులు గాబ్లిన్లు అనే చిన్న రాక్షసులను ఆరుగురిని పంపితే అందరివీ కలిపినా 42 హిట్ పాయింట్లే. అయినా అది హార్డ్ ఫైట్. ఓగర్‌కి టర్న్‌కి ఒక్క దెబ్బ, తగిలితే సగటున 13. గాబ్లిన్లవి ఆరు దెబ్బలు, ఒక్కోటి 5. దానికితోడు కొట్టి దాక్కోవడం వాటికి పుట్టుకతో వచ్చిన విద్య. గైడ్ కూడా ముగ్గురి నుంచి ఆరుగురి వరకు శత్రువులుంటే మొత్తం ఎక్స్‌పీని రెట్టింపు చేసి కష్టాన్ని అంచనా వేయమంటుంది. గుంపును చెదరగొట్టడం విజార్డ్ పని, ఒంటరి రాక్షసుడి ఎదుట నిలబడటం ఫైటర్ పని. రెండు రకాలూ మార్చి మార్చి పెడితే ఇద్దరికీ వంతు వస్తుంది.

అపోహ: బలమైన క్యారెక్టర్‌కి కోత పెట్టాలి.

వాస్తవం: ఫైర్‌బాల్ లాంటి స్పెల్‌ కోసమే విజార్డ్ ప్లేయర్ ఐదో లెవెల్ దాకా ఎదురుచూశాడు. నిప్పు అంటని శత్రువు ఎప్పుడో ఒకసారి వస్తే సరదా. ప్రతి వారం వస్తే అది శిక్షే, ప్లేయర్‌కి వెంటనే తెలిసిపోతుంది.

అపోహ: వెనకబడ్డ ఫైటర్‌కి ఒక మాయా ఖడ్గం ఇస్తే సరిపోతుంది.

వాస్తవం: ప్లస్ వన్ కత్తి అంటే 20 ముఖాల పాచిక మీద 5 శాతం అదనపు అవకాశం, ఒక పాయింట్ డ్యామేజ్. ఇవ్వండి, తప్పులేదు. అయితే ఫైటర్ ప్లేయర్‌కి బోర్ కొట్టేది ఎక్కువగా ఫైట్ బయట. విజార్డ్ మాయమవుతాడు, గాల్లో ఎగురుతాడు. ఫైటర్ తలుపు దగ్గర నిలబడతాడు. కత్తీ మంత్రం కథల లోకంలో మంత్రగాడంటే ఊరికి భయం. ఆ భయాన్ని వాడుకోండి. సంతలో స్పెల్ వేస్తే జనం రాళ్లు అందుకోవాలి. కోట కాపలాదారు మాత్రం పాత యుద్ధంలో ఫైటర్ పక్కన నిలబడినవాడై ఉండాలి. గేటు తెరుచుకునేది ఆ పరిచయంతోనే.

సెషన్ అయ్యాక నేను డ్యామేజ్ లెక్కలు చూడను. కథను మలుపు తిప్పిన నిర్ణయం ఎవరిదో వాళ్ల పేరు నోట్‌బుక్‌లో రాసుకుంటాను. వరుసగా రెండు సెషన్లు ఒకరి పేరు కనబడకపోతే వచ్చే వారం మొదటి సీన్ వాళ్లకే రాస్తాను.