పంతులుగారి లెటర్‌తో పెళ్ళి రిజిస్టర్ కాదు: అపోహలు - వాస్తవాలు

పోయిన మాఘమాసంలో ఒక తండ్రి ఫోన్ చేశాడు. అమ్మాయి పెళ్ళి మన పద్ధతిలోనే, అబ్బాయివాళ్ళు క్రైస్తవులు. "పంతులుగారూ, వాళ్ళు మండపం ఎక్కొచ్చా? అక్షింతలు వెయ్యొచ్చా? దోషం ఏమీ ఉండదు కదా?" అని అరగంట అడిగాడు. రిజిస్ట్రేషన్ సంగతేమిటని నేనడిగితే మాత్రం, "దానికేముందండీ, మీరో లెటర్ ఇస్తే అయిపోతుందిగా" అన్నాడు.

ఇరవై రెండేళ్ళుగా హైదరాబాదులో పెళ్ళిళ్ళు చేయిస్తున్నాను. రెండు మతాల ఇళ్ళ వాళ్ళకు నిద్ర పట్టనివ్వని సందేహాలన్నీ చిన్నవి. పెద్దదాన్ని ఎవరూ అడగరు.

అపోహ: మంత్రాలతో జరిగింది కాబట్టి హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ అవుతుంది.

అవ్వదు. 1955 నాటి ఆ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా ఆ చట్టం దృష్టిలో హిందువులే, కాబట్టి సిక్కు కోడలొస్తే ఇబ్బంది లేదు. క్రైస్తవులు, ముస్లింలు, పార్సీలు, యూదులు అందులోకి రారు. వరుడు పట్టుపంచె కట్టుకుని సంకల్పం నాకంటే స్పష్టంగా చెప్పినా రారు. నిజంగా మతం మారితే వేరే సంగతి, అది వాళ్ళ ఇష్టం. కాగితం కోసం మారమని నేనెవరికీ చెప్పను.

"మా చుట్టాలకి అయిందండీ" అంటారు. అవ్వొచ్చు, ఆఫీసులో గమనించకపోతే సర్టిఫికెట్ చేతికొస్తుంది. మన ఆంధ్రప్రదేశ్ కేసే ఒకటుంది. అమ్మాయి హిందువు, అబ్బాయి క్రైస్తవుడు. 1996లో గుళ్ళో తాళి కట్టాడు, హిందూ వివాహ చట్టం కింద రిజిస్ట్రేషన్ కూడా అయింది. 2008లో సుప్రీంకోర్టు ఆ పెళ్ళి చెల్లదంది. పన్నెండేళ్ళ తర్వాత!

ఇంతకీ పదిహేనేళ్ళ కిందట నేనూ అలాంటి లెటర్ ఇచ్చినవాణ్ణే. అమ్మాయిది నెల్లూరు, అబ్బాయి కేరళ సిరియన్ క్రిస్టియన్. ఆఫీసులో ఆ కాగితం చూసి తిప్పి పంపేశారు. అబ్బాయి ఉద్యోగం మీద దేశం దాటి వెళ్ళిపోయాడు, సర్టిఫికెట్ లేనిదే అమ్మాయికి వీసా రాదు. అతను సెలవు దొరికి తిరిగొచ్చేదాకా, ఐదు నెలలు ఆ పిల్ల పుట్టింట్లోనే ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

దారి ఉంది. 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్. ఇద్దరిలో ఒకరైనా ముప్ఫై రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసు ఇవ్వాలి. ఇంకో ముప్ఫై రోజులు ఆగాలి. తర్వాత ముగ్గురు సాక్షులతో వెళ్ళి సంతకాలు. నోటీసు ఇచ్చాక మూడు నెలల్లోపు ఈ పని అవ్వకపోతే మళ్ళీ మొదటికే. మండపంలో పెళ్ళి ముందే అయిపోయినవాళ్ళు కంగారు పడక్కర్లేదు, అదే చట్టంలో 15వ సెక్షన్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. దానికీ ముప్ఫై రోజుల నోటీసు తప్పదు.

నోటీసు గోడకి అంటిస్తారంటే పెద్దవాళ్ళకి టెన్షన్. ఎవరో వచ్చి అభ్యంతరం చెబుతారని. అయ్యా, బాబాయికి ఇష్టం లేకపోవడం అభ్యంతరం కిందికి రాదు. ఇదివరకే పెళ్ళయి భార్యో భర్తో ఉండటం, వయసు చాలకపోవడం, నిషేధించిన వరస, మతిస్థిమితం, ఇలాంటివే అడుగుతారు.

విచిత్రం ఏమిటంటే, ఇద్దరూ హిందువులైన ఇళ్ళలో దీనికి తలకిందులుగా చేస్తారు. వీసా కోసం ముందు కాగితం తెచ్చుకుని, ఆరు నెలలకి నా దగ్గరికి ముహూర్తానికి వస్తారు. హిందూ వివాహ చట్టం కింద తంతు జరగనిదే ఒట్టి రిజిస్ట్రేషన్‌తో పెళ్ళి అయినట్టు కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. సప్తపది ఉన్న సంప్రదాయంలో ఏడో అడుగుతోనే పెళ్ళి పూర్తయినట్టు అని 7వ సెక్షన్‌లోనే ఉంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

వేరే మతం వాళ్ళు మండపం ఎక్కకూడదా? నేను చేయించే పెళ్ళిళ్ళలో ఎక్కుతారు, చెప్పులు విప్పితే చాలు. అక్షింతలు వేస్తే విగ్రహారాధన అవుతుందా? అవి ఆశీర్వాదం. మనసొప్పకపోతే చేయెత్తి దీవించండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఒకసారి వరుడి నాయనమ్మ, గుంటూరావిడ, చిట్టచివరి వరసలో బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నేను దగ్గరికొస్తే మీకు మైలేమో బాబూ" అంది. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. "ప్రభువు మిమ్మల్ని దీవించుగాక" అంటూ వేసిన అక్షింతల్లో సగం నా కళ్ళజోడు మీద పడ్డాయి.

తెల్లచీర కట్టుకురావచ్చా అంటే, పెళ్ళికూతురే మధుపర్కాలు కడుతుంది కదండీ.

ఇంకొకటి, శుభలేఖలో వేసిన సుముహూర్తం తాళికి కాదు, జీలకర్ర-బెల్లానికి. తమిళ చుట్టాలున్న ఇళ్ళలో ఇది విడిగా చెప్పండి. వాళ్ళకి ముహూర్తమంటే తాళే. ఒక పెళ్ళిలో అమ్మాయి మేనమామ చెన్నై నుంచి దిగి, రాత్రి 10.42 ముహూర్తానికి 10.40కి హాల్లోకొచ్చాడు. వేళకి వచ్చానని సంతోషంగా ఉన్నాడు పాపం. అప్పటికే పిల్లని బుట్టలో వేలు విడిచిన మేనమామ చేత మోయించేశాం.