సీసాను నొక్కింది ఎవరు?

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు తాతయ్య ఆశీస్సులు.

అరకులో నీళ్ళన్నీ తాగి మూత బిగించిన ప్లాస్టిక్ సీసా విశాఖ చేరేసరికి సొట్టలు పడింది. "దీనిమీద ఎవరూ కూర్చోలేదు కదా తాతయ్యా, మరి ఎవరు నొక్కారు?" అని చిన్నది అడిగింది. ప్రయాణపు హడావిడిలో జవాబు చెప్పలేకపోయాను.

నొక్కింది గాలి. కొండమీద గాలి పలచన. ఆ పలచని గాలిని సీసాలో బంధించి తెచ్చాం. కింద గాలి చిక్కన. సముద్రతీరంలో మన అరచేయంత చోటుమీద దాదాపు 100 కిలోల బరువుతో అది నొక్కుతుంది. మన లోపలి నుంచీ అంతే ఒత్తిడి ఎదురు తోస్తుంది కాబట్టి మనకు తెలియదు. సీసాలో ఆ ఎదురుతోపు తగ్గింది.

సీసాను మళ్ళీ చూడండి. నున్నగా ఉన్నచోటే లోపలికి పోయింది. చుట్టూ గాజుల్లా గాడులు ఉన్నచోట గుండ్రంగానే ఉంది.

నా చిన్నప్పుడు నీళ్ళు చిమ్మే గొట్టం కోసం వెదురు కోసుకునేవాళ్ళం. ఒకసారి నా గొట్టాన్ని గేదె తొక్కింది. కణుపుల మధ్య చితికిపోయింది, కణుపు మాత్రం చెక్కుచెదరలేదు. ఏడుస్తున్న నాకు మా నాన్న ఆ కణుపును వేలితో తడిమి చూపించారు. అంత సన్నని వెదురు అంత ఎత్తుకు ఎదిగి, గాలివానకు వంగి కూడా నలగకుండా లేస్తుందంటే కణుపుల చలవే. కణుపులు దగ్గరగా ఉంటే గట్టి, దూరమైతే అలుసు. వెదురు కణుపులో అడ్డుగోడ ఉంటుంది. మనుషులు చేసే గొట్టాల్లో ఆ గోడ ఉండదు, కణుపు అంచులాంటి వలయం మాత్రం ఉంటుంది.

బుడగలో గాలి ఊదితే లోపలి ఒత్తిడి దాన్ని ఇంకా గుండ్రంగా చేస్తుంది. బయటి ఒత్తిడి అలా కాదు. ఎక్కడ రవ్వంత వంకర ఉన్నా వెతికి పట్టుకుని దాన్నే పెంచుతుంది. ఒకసారి గుండ్రం చెడితే ఉక్కయినా క్షణంలో ముడుచుకుపోతుంది. నేను పనిచేసిన రోజుల్లో ఆవిరితో కడిగిన పెద్ద ట్యాంకుకు వేడిమీదే మూతలు బిగించారు. ఆవిరి చల్లారి నీరైంది, లోపల ఖాళీ ఏర్పడింది. తెల్లారేసరికి ట్యాంకు నలిగిన కాగితంలా ఉంది. ఆ దృశ్యం ఈనాటికీ మరిచిపోలేను.

ఇంగ్లండులో విలియం ఫెయిర్‌బెయిర్న్ అనే ఇంజనీరు ఇనుప గొట్టాలను నీటి ఒత్తిడితో నలిపి చూసి, 1858లో ఫలితాలు ప్రకటించారు. గొట్టం పొడవు సగమైతే తట్టుకునే ఒత్తిడి దాదాపు రెట్టింపు! పొడవైన గొట్టానికి అక్కడక్కడా వలయాలు బిగిస్తే పొట్టి గొట్టాల వరుసలా నిలుస్తుంది. రేకు మందం పెంచి బరువు మోయడం కన్నా ఇది తెలివైన పని. విశాఖ బీచిలో మీరు ఎక్కి చూసిన కుర్సురా జలాంతర్గామి దేహానికీ ఇలాంటి వలయాలే ఊతం. 100 మీటర్ల లోతులో గోరంత చోటుమీద సముద్రం 10 కిలోలు మోపుతుంది.

మీ వీధిలోకి సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేసే బండి వస్తే ముక్కు మూసుకుని పారిపోకండి. లోపలి గాలిని లాగేసి పనిచేసే బండి అది. దాని ట్యాంకు చుట్టూ వలయాలు ఎన్ని ఉన్నాయో, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎన్ని జానలో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య