యుక్తవయసు ఆలస్యం, హార్మోన్ టెస్టులు: అపోహలు - వాస్తవాలు

పిల్లల హార్మోన్ సమస్యలు చూసే డాక్టర్‌ని. మా ఓపీకి చాలామంది రిపోర్టు పట్టుకునే వస్తారు. "పద్నాలుగు దాటినా మా వాడికి గొంతు మారలేదు, టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) తక్కువట" అంటూ అప్పటికే తల్లిదండ్రులు టెన్షన్‌లో ఉంటారు.

అపోహ: టెస్టోస్టెరాన్ తక్కువుంటే లోపం ఉన్నట్టే.

రిపోర్టులో పక్కన అచ్చేసే నార్మల్ అంకెలు చాలాసార్లు పెద్దవాళ్లవి. ఇంకా ఈడు రాని పిల్లాడికి అది తక్కువే ఉంటుంది. కారణం తెలియాలంటే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ చూడాలి. వృషణాలనూ అండాశయాలనూ పని చేయించడానికి పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్లివి. ఇవి బాగా ఎక్కువుంటే పైనుంచి పిలుపు వెళ్తోంది, కింద పలకడం లేదన్నమాట. అప్పుడు క్రోమోజోముల పరీక్ష చేయిస్తాం. అబ్బాయిల్లో ఒక ఎక్స్ క్రోమోజోమ్ ఎక్కువుండే క్లైన్‌ఫెల్టర్, అమ్మాయిల్లో ఒక ఎక్స్ పూర్తిగానో కొంతో లేని టర్నర్ సిండ్రోమ్ అలా బయటపడతాయి.

అపోహ: ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ తక్కువుంటే సమస్య మెదడులోనే.

అసలు చిక్కు ఇక్కడే. కాస్త ఆలస్యంగా ఎదిగే పిల్లల్లోనూ ఇవి తక్కువే, మెదడు నుంచి పిలుపే సరిగా వెళ్లని, ఏళ్ల తరబడి చికిత్స కావాల్సిన కాల్‌మన్ సిండ్రోమ్‌లోనూ తక్కువే. ఇంజెక్షన్ ఇచ్చి పిట్యూటరీ ఎలా పలుకుతుందో చూసే జీఎన్‌ఆర్‌హెచ్ టెస్టు కూడా చాలాసార్లు తేల్చి చెప్పలేదు. అందుకే ఎముకల వయసు కోసం ఎడమ చేతి ఎక్స్‌రే తీయిస్తాం, ఎత్తు కొలుస్తాం, ఆర్నెల్లు ఆగి మళ్లీ చూస్తాం. నాన్నకి మీసం ఎప్పుడొచ్చింది, అమ్మ ఎప్పుడు పెద్దమనిషి అయింది అని అడుగుతాం. పోపు వాసన తెలుస్తుందా అని కూడా అడుగుతాను. కాల్‌మన్ పిల్లల్లో చాలామందికి వాసన తెలియదు, ఎవరూ అడగలేదు కాబట్టి వాళ్లూ చెప్పరు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పిట్యూటరీ విడుదల చేసే మరో హార్మోన్), రక్తహీనత, సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) పరీక్షలు కూడా వదలకూడదు. ఒంట్లో మరో జబ్బున్నా, తిండి చాలకపోయినా ఈడు వెనకబడుతుంది.

అపోహ: రక్తం ఎప్పుడిచ్చినా ఒకటే.

టెస్టోస్టెరాన్‌కి ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో ఇవ్వాలి, సాయంత్రానికి తగ్గిపోతుంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, కొన్ని మెషీన్లలో అంకెలు తారుమారవుతాయి.

అపోహ: ఆడపిల్లకి ఆలస్యమైనా అదే సర్దుకుంటుంది.

13 ఏళ్లకి రొమ్ముల ఎదుగుదల మొదలవకపోయినా, 15కి నెలసరి రాకపోయినా చూపించాల్సిందే. అబ్బాయిలకైతే 14 ఏళ్లకి వృషణాల పరిమాణం 4 మిల్లీలీటర్లకి చేరకపోతే. పొట్టిగా ఉన్న అమ్మాయి విషయంలో ఈ వయసుల దాకా కూడా ఆగొద్దని బతిమాలి చెబుతాను. ఆ పొట్టితనం వెనక టర్నర్ ఉండొచ్చు, టర్నర్ ఉన్న పిల్లకి ఎత్తు కోసం ఇచ్చే గ్రోత్ హార్మోన్ పనిచేసేది ఎముకల చివర్లు మూసుకునేదాకానే.